మధ్యలో విమానం మారితే ఆ దేశం వీసా కూడా కావాలా?

"అమెరికా వీసా ఉంది, టికెట్ ఉంది. ఇంకేం కావాలి?" అనుకుంటాం. పచ్చళ్ళు ప్యాక్ చేయించి, పెట్టెల తూకం రెండుసార్లు చూసుకుని, బంధువులందరికీ చెప్పి శంషాబాద్ చేరాక, చెక్-ఇన్ కౌంటర్‌లో అమ్మాయి పాస్‌పోర్టు పేజీలు తిరగేసి "మీకు ట్రాన్సిట్ వీసా లేదండీ" అంటే? పెద్దవాళ్ళిద్దరూ పెట్టెలతో సహా అర్ధరాత్రి ఇంటికి తిరిగి రావాలి. టికెట్ డబ్బులు తిరిగొస్తాయన్న భరోసా కూడా ఉండదు. వీసా చూసుకోవడం ప్రయాణికుడి బాధ్యత అని బుకింగ్ షరతుల్లో ఎక్కడో ఒక లైను ఉంటుంది.

ఈ గందరగోళానికి ఒక కారణం మనకున్న అలవాటే. దుబాయ్, దోహా, అబుధాబి మీదుగా ఒకే టికెట్‌పై వెళ్ళేవాళ్ళు ఎయిర్‌పోర్టు లోపలే ఉండి విమానం మారతారు. లగేజీ దానంతటది వెళ్ళిపోతుంది. వీసా ఎవరూ అడగరు. దాంతో అన్నిచోట్లా ఇంతే అనుకుంటాం. కానీ ఒక్కో దేశానిది ఒక్కో రూలు.

అమెరికానే తీసుకోండి. అక్కడ ఇమిగ్రేషన్ దాటకుండా విమానం మారే ఏర్పాటే లేదు. మీరు వెళ్ళేది మెక్సికోకే అయినా, మధ్యలో అమెరికాలో రెండు గంటలు ఆగాలన్నా సీ-1 ట్రాన్సిట్ వీసా ఉండాలి, లేదా చెల్లుబాటులో ఉన్న బీ1/బీ2 లాంటి వీసా ఉండాలి. కెనడా ఇంకో రకం. టొరంటోలో విమానం మారి అమెరికా వెళ్ళాలంటే, చేతిలో అమెరికా వీసా ఉన్నా మన పాస్‌పోర్టుకి కెనడా ట్రాన్సిట్ వీసా కావాలి. దానికి ఫీజు లేదు కానీ ముందే దరఖాస్తు చేసుకోవాలి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకి ఆ అవసరం లేదు.

లండన్ దగ్గర చాలామంది పొరపాటు పడతారు. భారతీయ పాస్‌పోర్టుతో బ్రిటన్‌లో విమానం మారాలంటే, ఎయిర్‌పోర్టు బయటికి రాకపోయినా ట్రాన్సిట్ వీసా కావాలి. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వీసాల్లో ఏదో ఒకటి చెల్లుబాటులో ఉంటే మినహాయింపు ఇస్తారు. ఈ 'చెల్లుబాటు' అన్న మాట దగ్గరే మన పిల్లలు ఇరుక్కుంటారు.

హెచ్-1బీ మీద ఉన్న అబ్బాయి రెండు మూడేళ్ళుగా ఇండియా రాలేదనుకోండి. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు అయిపోయింది. కంపెనీ పొడిగింపు తెచ్చింది, ఐ-797 కాగితం చేతిలో ఉంది. దాంతో అమెరికాలో ఉండొచ్చు, ఉద్యోగం చేసుకోవచ్చు. కానీ లండన్‌లో ఆ కాగితాన్ని వీసా కింద లెక్కపెట్టరు. నాన్నకి సీరియస్‌గా ఉందని రాత్రి ఫోన్ వస్తే, కంగారులో ముందు కనిపించిన టికెట్ కొనేస్తాడు. అది లండన్ మీదుగా అయితే అమెరికాలోనే విమానం ఎక్కనివ్వరు. ఆ ఒక్క రోజు ఆలస్యానికి ఎంత విలువో చెప్పక్కర్లేదు. స్టాంపు గడువు అయిపోయినవాళ్ళు గల్ఫ్ మీదుగానో, నేరుగా ఢిల్లీకి వచ్చే విమానంలోనో రావడం మేలు. ఇది ఫోన్ వచ్చాక వెతికే విషయం కాదు, ఇప్పుడే ఇంట్లో అనుకోవాల్సింది.

యూరప్‌లో ఇంకో చిక్కు ఉంది. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్, అక్కడి నుంచి ఆమ్‌స్టర్‌డామ్, ఆపైన న్యూయార్క్ అని టికెట్ చవగ్గా కనిపిస్తుంది. కానీ ఫ్రాంక్‌ఫర్ట్, ఆమ్‌స్టర్‌డామ్ రెండూ షెంజెన్ దేశాల్లోవే. వాటి మధ్య ప్రయాణం వాళ్ళకి లోకల్ లెక్క. అంటే ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే ఇమిగ్రేషన్ దాటాలి, మామూలు షెంజెన్ వీసా ఉండాలి. అమెరికా వీసా అక్కడ పనికిరాదు.

విడివిడిగా కొన్న రెండు టికెట్లతోనూ ఇదే తంటా. మొదటి విమానం దిగాక పెట్టెలు తీసుకుని, బయటికొచ్చి, మళ్ళీ చెక్-ఇన్ చేయాల్సి వస్తుంది. బయటికి రావాలంటే ఆ దేశంలోకి అడుగుపెట్టే అనుమతి ఉండాలి. దుబాయ్ అయినా సరే. బుకింగ్ సైట్లలో 'సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్' అని చిన్న అక్షరాల్లో ఉండేది ఇదే.

రూలు పాస్‌పోర్టుని బట్టి ఉంటుందన్నది కూడా మర్చిపోవద్దు. అమెరికాలో పుట్టిన మనవడికి అమెరికా పాస్‌పోర్టు, కోడలికి మన పాస్‌పోర్టు. ఒకే విమానం, ఒకే వరస సీట్లు అయినా ఇద్దరికీ రూల్సు వేరు. ఒక్కొక్కరి పేరు మీదా విడిగా చూడాలి.

కౌంటర్‌లో వాళ్ళతో వాదించి లాభం లేదు. సరైన పత్రాలు లేని మనిషిని తీసుకెళ్తే విమాన సంస్థకే జరిమానా పడుతుంది, వెనక్కి తీసుకురావాల్సిందీ వాళ్ళే. అందుకే టిమాటిక్ అనే డేటాబేస్‌లో ఏముంటే అదే పాటిస్తారు. రూల్సు మారుతుంటాయి కూడా. 2026 జనవరిలో జర్మనీ మనవాళ్ళకి ట్రాన్సిట్ వీసా అక్కర్లేకుండా చేస్తామని ప్రకటించింది. అయితే ప్రకటన వచ్చిన రోజు వేరు, అమల్లోకి వచ్చే రోజు వేరు. వాట్సాప్‌లో వచ్చింది చూసి టికెట్ కొనొద్దు.

డబ్బు కట్టేముందు ఏజెంటుని నాలుగు మాటలు అడగండి. మొత్తం ఒకే టికెట్టేనా? లగేజీ చివరి ఊరిదాకా వెళ్తుందా? మధ్యలో ఎక్కడైనా ఇమిగ్రేషన్ దాటాలా, ఎయిర్‌పోర్టు మారాలా? మా పాస్‌పోర్టుకి, మా వీసా తేదీలకి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ట్రాన్సిట్ వీసా కావాలా? జవాబు నోటిమాటగా కాకుండా మెసేజ్‌లో తీసుకోండి. తర్వాత ఆ దేశపు ఎంబసీ వెబ్‌సైట్‌లో, విమాన సంస్థ వెబ్‌సైట్‌లో మీరే ఒకసారి సరిచూసుకోండి. ఇంగ్లీషు కష్టమనిపిస్తే పిల్లల్ని ఫోన్‌లో కూర్చోబెట్టి చదివించుకోండి. అరగంట పని.