మూతి మెరిస్తే చాలా?

వీధిగుమ్మానికి ఏటేటా రంగు వేయిస్తూ, దొడ్డిగోడ పడిపోతున్నా పట్టించుకోని గృహస్థుల్ని మనం చాలామందిని చూశాం. చుట్టాలు వచ్చేది వీధివైపు నుంచే కదా, దొడ్డివైపు ఎవరు చూడొచ్చారూ అని వాళ్ళ ధీమా. ఆ గోడ ఏ అర్ధరాత్రో పిల్లలు పడుకున్న గదిమీద విరుచుకుపడితే గానీ వాళ్ళకి బుద్ధి రాదు.

ఈమధ్య అమెరికాలో, మిచిగాన్ రాష్ట్రంలో ఉన్న మా చెల్లెలి ఇంట్లో నాలుగు వారాలు ఉండి వచ్చాను. ఈ వీధిగుమ్మం రంగు వ్యవహారం అక్కడ కూడా ఉందనీ, పైగా అది చక్రాలమీద తిరుగుతోందనీ కళ్ళారా చూశాను.

వాళ్ళకొక మోటారుహోమ్ ఉంది. అంటే బస్సంత బండిలో సంసారం అన్నమాట. మంచాలూ, గ్యాసు పొయ్యీ, ఫ్రిజ్జూ, స్నానాల గదీ అన్నీ అందులోనే. సెలవులొస్తే పిల్లల్ని ఎక్కించుకుని ఏ సరస్సు ఒడ్డుకో పోయి, రాత్రి అందులోనే పడుకుంటారు. బండిని నడిపించే ఇంజను ఒకటి, ఇంటికి కరెంటు ఇచ్చే జనరేటరు ఒకటి. రెండింటికీ రెండు పొగగొట్టాలు. ఆ గొట్టం చివర బయటికి కనిపిస్తూ తళతళలాడే ముక్కని వాళ్ళు ‘టిప్’ అంటారు. నేను మూతి అంటాను. ఈ గొడవంతా ఆ మూతి గురించే.

చలికాలమంతా పైన గుడ్డ కప్పి వాకిట్లో నిలబెట్టిన బండిని ఎండలు రాగానే విప్పి చూస్తే, రెండు మూతులూ తుప్పుపట్టి, పొక్కులు లేచి, పాత అట్లపెనంలా ఉన్నాయి. మా మరిదికి ప్రాణం ఉసూరుమంది. వెంటనే కొత్తవి తెప్పించాడు. అద్దంలో చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు, అంత నిగనిగ.

“పది నిమిషాల పని వదినా. పాతది లాగేసి కొత్తది తొడిగి బిగించడమే” అన్నాడు.

“మరి లోపలి గొట్టం సంగతేమిటి?” అన్నాను.

“గొట్టం ఎవరికి కనిపిస్తుంది వదినా!” అన్నాడు నవ్వుతూ.

ఇదిగో, ఈ మాటమీదే నా తగాదా. ఇది మా మరిది ఒక్కడి మాటయితే ఇంట్లోనే తేల్చుకునేదాన్ని, పత్రికకి ఎక్కించేదాన్ని కాదు. ఎవరికి కనిపిస్తుంది అనేది మగవాళ్ళ మంత్రం. మనమూ దానికి తాళం వేస్తూ వస్తున్నాం.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. మూతికి పట్టిన తుప్పు మూతితోనే ఆగితే దానివల్ల కొంప మునగదు. అది అందానికి సంబంధించిన విషయమే. కానీ అది మూతితో ఆగిందో లేదో వంగి చూస్తేగా తెలిసేది? ఒంటిమీద దద్దురు లేస్తే పౌడరు రాసి ఊరుకుంటామా, ఎందుకు లేచిందని అడుగుతామా?

అసలీ తుప్పు ఎందుకు పడుతుందో మా మరిది కంటే మా అమ్మకే బాగా తెలుసు. ఇత్తడి గిన్నెకి కళాయి పెట్టించే రోజులు గుర్తున్నాయా? కళాయి ఉన్నన్నాళ్ళు గిన్నె వెండిలా మెరిసేది. అది అరిగిపోయిన చోట చింతపండు పులుసు తగిలితే చిలుము పట్టేది. అందులో వండుకు తింటే ప్రమాదమని తెలిసిన ఇల్లాలు మళ్ళీ కళాయివాడు వచ్చేదాకా ఆ గిన్నె పొయ్యెక్కించేది కాదు. ఈ చవకరకం మూతులూ అంతే. లోపల మామూలు ఇనుము, పైన నికెలు పూత, దానిపైన క్రోమియం పూత. ఆ పూతలో కంటికి కనపడని చిల్లు ఒక్కటి ఉన్నా చాలు, తేమ దూరుతుంది. లోపల ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, పై పూతని పొక్కులా లేపుతుంది.

పొగగొట్టంలో తేమ ఎక్కడిదంటారా? ఇదే నాకూ మొదట విడ్డూరంగా తోచింది. పెట్రోలు మండితే పొగతోపాటు నీళ్ళూ పుడతాయి. ఒక లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు ఒక లీటరు నీళ్ళు ఆవిరిగా బయటికొస్తాయి. బండి చాలాసేపు నడిస్తే గొట్టం వేడెక్కి ఆ ఆవిరంతా బయటికి పోతుంది. ఇలా వీధి చివరిదాకా పోయివచ్చి, అలా నెలల తరబడి నిలబెడితే ఆ ఆవిరి చల్లబడి నీరై గొట్టంలోనే ఉండిపోతుంది. మోటారుహోమ్ బతుకే అది. పది రోజులు తిరుగుడు, పది నెలలు నిద్ర. దానికితోడు అక్కడ మంచు కరగడానికి రోడ్లమీద ఉప్పు చల్లుతారు. చక్రాలు ఆ ఉప్పునీటిని బండి అడుగుకి చిమ్ముతాయి. అంటే గొట్టాన్ని లోపలినుంచి నీళ్ళూ బయటినుంచి ఉప్పూ తింటున్నాయి. మూతి ఒక్కటే తుప్పుపట్టి, దాని వెనక పది అడుగుల గొట్టం చెక్కుచెదరకుండా ఉంటుందని ఎవరైనా ఎలా అనుకుంటారు?

మా మరిది అలాగే అనుకున్నాడు. కొత్త మూతి తొడిగి, పట్టీ వేసి, మర బిగించాడు. రెండు చుట్లు బాగానే తిరిగింది. మూడో చుట్టుకి కరకరమని చప్పుడైంది. మూతి కాదు విరిగింది, గొట్టం. వేయించిన అప్పడం చేత్తో నలిపినట్టు నలిగిపోయి, ఎర్రటి పొడి రాలింది. అప్పుడు నేలమీద పడుకుని టార్చిలైటు వేసి చూశాడు. సైలెన్సరు దాటాక అతుకు దగ్గర చుట్టూ నల్లటి మసి కట్టి ఉంది. మసి ఉందంటే అక్కడినుంచి పొగ బయటికి వస్తోందన్నమాట. సరిగ్గా దానికి పైన ఉన్నది మా చెల్లెలి పడక.

అప్పుడు మా చెల్లెలు ఒక మాట అంది, నాకిప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. “కిందటేడు ఆగస్టులో వెళ్ళినప్పుడు రోజూ పొద్దున్నే తలనొప్పీ వికారమూ అక్కా. ఇంటికొచ్చిన మర్నాటికి తగ్గిపోయింది. ప్రయాణం బడలిక అన్నారందరూ.”

ఆ తలనొప్పి ఈ గొట్టంవల్లే వచ్చిందని నేను ప్రమాణం చేసి చెప్పను. చెప్పడానికి నేను డాక్టర్ని కాదు. నేను చదివింది సాహిత్యం. కానీ ఇంట్లో ఆడదానికి తలనొప్పి అంటే ఎవరూ కారణం వెతకరనీ, అమృతాంజనం వెతుకుతారనీ మాత్రం ప్రమాణం చేసి చెప్పగలను.

ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ సంగతి మనం సరిగ్గా తెలుసుకోవాలి. మన అమ్మలూ అమ్మమ్మలూ కట్టెపొయ్యి పొగతో జీవితమంతా పోట్లాడారు. పాపిష్టిదే గానీ, ఆ పొగ కళ్ళు మండించేది, దగ్గు తెప్పించేది, నేనున్నానని చెప్పేది. ఈ వాయువుకి రంగు లేదు, వాసన లేదు, మంట లేదు. గాలికన్నా బరువూ కాదు, చెప్పుకోదగ్గ తేలికా కాదు. అందుకే గదంతా కలిసిపోతుంది. మన నెత్తుటిలో ప్రాణవాయువుని మోసే పదార్థాన్ని అది ప్రాణవాయువుకన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అంటే రైల్లో మన సీట్లో ముందే కూర్చుని, లేవమంటే లేవనివాడన్నమాట. మొదట తలనొప్పి, తర్వాత వికారం, కళ్ళు తిరగడం, మగత. నిద్రలో ఉన్నవాళ్ళకి ఆ హెచ్చరికలూ అందవు.

ఇదంతా అమెరికా సంగతి, మనకెందుకులే అనకండి. 2024 డిసెంబరులో కేరళలోని వడకర దగ్గర రోడ్డుపక్కన ఆపిన క్యారవాన్‌లో ఇద్దరు నిద్రలోనే పోయారు. జనరేటరు నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడే కారణమని దర్యాప్తులో తేలింది. అక్కడ తుప్పుదే తప్పని నేను అనడం లేదు. ఆ వాయువు లోపలికి దారి చూసుకుందంటే ఇక మనిషికి బయటికి దారి ఉండదని మాత్రమే అంటున్నాను.

మూతి ఉన్నది మెరవడానికి కాదు. అది పొగని బండి అంచు దాటించి బయటికి పారేయడానికి. తుప్పుపట్టి నాలుగంగుళాలు రాలిపోయిందంటే పొగ బండి అడుగునే సుడి తిరుగుతుంది. నేలలో ఏ తీగ కోసమో, ఏ గొట్టం కోసమో చేసిన సందు దొరికితే లోపలికి వస్తుంది. కాబట్టి కొత్త మూతి పెట్టొద్దని నేను అనను. పాత గొట్టం చూడకుండా పెట్టొద్దంటున్నాను. తుప్పుపట్టిన గొట్టం మీద మెరిసే మూతి తొడగడం అబద్ధమాడటంతో సమానం. అదీ పక్కింటివాళ్ళతో కాదు, పక్కమీద పడుకున్నవాళ్ళతో.

అయితే చూడటం ఎలా? ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఇంజను పూర్తిగా చల్లారాక, చక్రాలకి అడ్డం పెట్టాక, గొట్టాన్ని మొదటినుంచి చివరిదాకా స్క్రూడ్రైవరు పిడితో తట్టుకుంటూ రావాలి. బాగున్న చోట ఖంగుమంటుంది, తిన్న చోట బొదబొదమంటుంది. కుండ కొనేటప్పుడు మనం తట్టి చూడమూ? అతుకుల దగ్గర మసి ఉందేమో చూడాలి. గొట్టాన్ని వేలాడదీసే పట్టీలు తెగాయేమో చూడాలి. మెత్తబడ్డ గొట్టాన్ని గట్టి లోహం వచ్చేదాకా కోసి పారేసి, కొత్త ముక్క అతికించాకే మూతి తొడగాలి. ఆ మూతి గొట్టంకన్నా సన్నది కాకూడదు, బండి అంచు దాటి బయటికి రావాలి.

మూతి ఏ లోహానిదో అడగడం కూడా మనకి చేతనైన పనే. పాత బట్టలు వేసి స్టీలు గిన్నెలు తీసుకునేటప్పుడు అయస్కాంతం పెట్టి చూసిన ఆడవాళ్ళం మనం. 304 అనే రకంలో 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెలు ఉంటాయి. అయస్కాంతం దాదాపుగా అంటదు. ఉప్పుకి బాగా ఓర్చుకుంటుంది. 409 అనే రకంలో క్రోమియం 11 పాళ్ళే. అయస్కాంతం అంటుతుంది, పైన గోధుమరంగు తేలుతుంది, అయినా మామూలు ఇనుముకన్నా చాలాకాలం ఉంటుంది. అయస్కాంతం అంటలేదు కదా అని అంతా మేలురకమనీ కాదు, చవకరకాల్లోనూ అంటనివి ఉన్నాయి. కాబట్టి అయస్కాంతంతో పాటు నోరు కూడా ఉపయోగించి, దుకాణంవాడిని రకం నంబరు అడగండి.

ఇంకొక్క మాట. ఆ బండ్లలో ఈ వాయువుని పసిగట్టి కూసే యంత్రం ఉంటుంది. మా చెల్లెలి బండిలోనూ ఉంది. మా మరిది దాని బొత్తాం నొక్కి, కూత వినిపించి, “చూశారా, బ్రహ్మాండంగా ఉంది!” అన్నాడు. ఆ బొత్తాం చూపించేది గొంతు బాగుందని, ముక్కు బాగుందని కాదు. ఆ యంత్రం ఆయుష్షు రకాన్నిబట్టి 5 నుంచి 10 ఏళ్ళు. వెనక్కి తిప్పి తారీఖు చదివితే, దాని కాలం తీరి మూడేళ్ళయింది!

“ఇవన్నీ ఆడవాళ్ళకెందుకు?” అనేవాళ్ళకి నా సమాధానం ఒక్కటే. ఆ బండిలో వంట చేసేదెవరు? జనరేటరు పక్కనున్న కిటికీ తీసేదీ మూసేదీ ఎవరు? తలనొప్పి వచ్చినా ఎవరికీ చెప్పకుండా కాఫీ కలిపి అందరికీ ఇచ్చేదెవరు? పొగ ఎవరి ముక్కులోకి పోతుందో వాళ్ళకి గొట్టం గురించి అడిగే హక్కుంది. మోటారుహోమ్ కానక్కర్లేదు. కారైనా, అద్దె వ్యానైనా, వరండాలో పెట్టిన జనరేటరైనా అంతే. “కింద ఎలా ఉంది?” అని అడగండి. నవ్వితే నవ్వనివ్వండి. నవ్వడానికి మనిషి మిగిలి ఉండటమే కదా మనకి కావలసింది!

చెప్పడం మరిచాను. మా మరిది గొట్టం సైలెన్సరు దాకా మార్పించాడు, కూసే యంత్రం కొత్తది పెట్టాడు, ఆ తర్వాతే మూతి తొడిగాడు. మొన్న మా చెల్లెలు ఫోనులో చెప్పింది. ఇప్పుడు వాళ్ళింటికి ఎవరొచ్చినా ఆ తళతళలాడే మూతిని చూపించడం లేదట. బండి పక్కన దుప్పటి పరిచి, చేతికి టార్చిలైటు ఇచ్చి, “పడుకుని చూడండి” అంటున్నాడట!