దగ్గరి తిండి అంటే ఎంత దగ్గర? (తిండి ముచ్చట్లు – 9)



"మన దగ్గర పండిందే కొందాం, మన రైతును బతికించుకుందాం" అనే మాట ఈ మధ్య నగరాల్లో బాగా వినిపిస్తోంది. మంచి మాటే. దగ్గర పండింది కొంటే కూరగాయ వాడిపోకముందే వంటింటికి చేరుతుంది. లారీ కిరాయిలు, కమీషన్లు తగ్గుతాయి. ఊరి పైసలు ఊళ్లోనే తిరుగుతాయి. ఇవన్నీ నిజాలే. నా ప్రశ్న ఒక్కటే. ఊళ్లో తిరిగే ఆ పైసలు వాడకు ఎప్పుడొస్తాయి?

'స్థానికం' అనే మాట వినగానే మురిసిపోయేవాళ్లకు అంబేడ్కర్‌ను గుర్తు చేయాలి. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో ముసాయిదాను ప్రవేశపెడుతూ, ఊరంటే సంకుచితత్వం, అజ్ఞానం, మత విద్వేషం పేరుకుపోయిన చోటని ఆయన కుండబద్దలు కొట్టాడు. మా తెలుగు పాఠాల్లో పల్లె అంటే పచ్చని చేలు. ఆ చేలో వంగి కలుపు తీసే మనిషి ఏ వాడ నుంచి వచ్చిందో అడిగే పాఠాలు తక్కువ. 2011 లెక్కల ప్రకారం దేశ జనాభాలో దళితులు 16.6 శాతం. వాళ్ల చేతిలో ఉన్న సాగుభూమి మాత్రం పదో వంతు కూడా లేదు. కాబట్టి 'లోకల్ రైతు' దగ్గర కొన్నామని సంబరపడితే ఆ సొమ్ము పట్టా ఉన్న ఇంటి గడప దగ్గరే ఆగిపోవచ్చు. నాటేసిన ఆమెకు అదే రోజు కూలి.

మరి స్థానికాన్ని వదిలేద్దామా? వద్దు. ఎందుకు వద్దో జహీరాబాద్ ప్రాంతపు దళిత ఆడవాళ్లు చేసి చూపించారు.

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం తెచ్చింది. అది మన వాడల ఆకలి తీర్చింది. దాన్ని చులకన చేసే హక్కు ఎవరికీ లేదు. కానీ డిపోలో బియ్యం ఒక్కటే దొరికేసరికి మెట్టనేలల జొన్నకు, కొర్రకు, సామకు గిరాకీ పడిపోయింది. భూ పంపకాల్లో మనోళ్లకు దక్కినవే ఆ మెట్టనేలలు. పంట కొనేవాడు లేకపోతే ఆ చెలకలు బీళ్లు పడతాయి. బీడు పడితే కూలి పని పోతుంది, పశువులకు సొప్ప పోతుంది, చేలో ఉత్తగా మొలిచే తుమ్మికూర, దొగ్గలికూర కూడా పోతాయి.

పస్తాపూర్‌లోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లలో ఎక్కువమంది దళితులు. వాళ్లు 1990ల మధ్యలో తమదైన రేషన్ వ్యవస్థను నడిపారు. బీడు భూములను సాగులోకి తేవడానికి అప్పిచ్చారు. ఆ అప్పును జొన్నల రూపంలో తిరిగి కట్టించుకున్నారు. ఆ జొన్నలను ఊళ్లోనే నిల్వ చేసి, పనులు దొరకని నెలల్లో నిరుపేదలకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు నిరుపేదో తేల్చింది కూడా ఊరి జనమే. బడిలో చదవని ఆడవాళ్లు పది, ఇరవై రకాల పంటలను ఒకే చేలో కలిపి పండిస్తారు, విత్తనాన్ని చేతిలోనే ఉంచుకుంటారు. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

ఇక్కడ గమనించాల్సింది దూరం కాదు, అధికారం. నేల, విత్తనం, గింజల నిల్వ, ధర, పంపకం ఎవరి చేతిలో ఉన్నాయన్నదే అసలు సంగతి. 2023ను ప్రపంచం చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. ఒకప్పుడు 'కూలోళ్ల తిండి' అని ముఖం తిప్పుకున్న గింజ ఇప్పుడు రంగుల ప్యాకెట్లోకి ఎక్కింది. ఆ గింజను కాపాడిన చేతికి ఆ ప్యాకెట్ ధరలో ఎంత దక్కుతోందని అడిగేవాళ్లేరీ?

ఇంకో సంగతి. గంపలో టమాటాలు, తోటకూర తెచ్చి అమ్మితే మన చేతి నుంచి కొంటారు. అవే కూరగాయలు వండి పెడితే? బడి భోజనం వండే పనిలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. అయినా 2021 డిసెంబర్‌లో ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లాలో ఒక ప్రభుత్వ బడి పిల్లలు దళిత వంటమనిషి చేతి అన్నం తినలేదు. అదే ఊరి బడి, అదే పొయ్యి. అంతకంటే స్థానికమైన తిండి ఇంకేముంటుంది? కిలోమీటర్లు కొలిచే తక్కెడకు ఈ దూరం అందదు.

అందుకే నేను అడిగేది ఇది. దగ్గర పండింది కొనండి, తప్పకుండా కొనండి. కొనేటప్పుడు ఇది ఎవరు పండించారు, పైసలు ఎవరికి చేరతాయి అని కూడా అడగండి. 1999 నుంచి నడుస్తున్న రైతు బజార్లలో పాసుపుస్తకం లేని కౌలుదారులకూ, ఆడకూలీల సంఘాలకూ చోటివ్వమని అడుగుదాం. సాంఘిక సంక్షేమ హాస్టళ్లకు, గురుకులాలకు కావాల్సిన జొన్నలు, పప్పులు, ఆకుకూరలు ఆ చుట్టుపక్కల దళిత ఆడవాళ్ల సంఘాల దగ్గరే కొనాలని డిమాండ్ చేద్దాం. ఏడాది పొడవునా ఖాయంగా కొనేవాళ్లుంటే బీడు చెలక మళ్లీ పచ్చబడుతుంది. మన పిల్లల కంచంలోకి మన చేల తిండి వస్తుంది.

మన వాడ ఆడవాళ్లు పండించింది కొనడం సగం పనే. వాళ్లు వండింది వాళ్ల పక్కన కూర్చుని తిన్ననాడే మనం 'దగ్గరి తిండి' తిన్నట్టు.