ఎగరని విమానము, దొరకని ఇంజను

మన కళాశాల విద్యార్థులు కొందరు ఈ సంవత్సరం కంప్యూటరుపై ఒక విమానాన్ని నిర్మించి ఎగురవేశారు. ‘సింపుల్‌ప్లేన్స్’ అనే విమాన నిర్మాణ క్రీడలో వారు ఎన్నుకొన్నది సామాన్యమైన విమానం కాదు. రెండవ ప్రపంచ యుద్ధం చివరి దశలో జర్మనీలోని ఫోకె-వుల్ఫ్ సంస్థ కాగితంపై రూపొందించిన టి.ఎ. 183 అనే జెట్ యుద్ధవిమానం అది. శత్రువుల బాంబర్లను ఆకాశంలో అడ్డగించుటకు ఉద్దేశించిన ఆ విమానం, 1945లో జర్మనీ లొంగిపోవునాటికి ఒక్కటైనను గాలిలోకి లేవలేదు. ఇది కాలహరణమని పెద్దలు కొందరు, విజ్ఞానమని విద్యార్థులు వాదిస్తున్నారు. ఈ విషయమై మా అభిప్రాయాన్ని పాఠకుల ముందు, కళాశాల కమిటీ ముందు ఉంచదలచాము.

కాలహరణమన్న మాటను మేము అంగీకరించము. ఆ క్రీడలో రెక్కలు, తోక, ఇంధనపు తొట్టి, చక్రాలు ఒక్కొక్కటే అమర్చుకోవలెను. బరువు కేంద్రం ఎక్కడ ఉన్నది, రెక్కల పైకెత్తే బలం ఎక్కడ పనిచేస్తున్నది తెర మీద గుర్తులు చూపుతాయి. బరువు కేంద్రం వెనుకకు జరిగితే విమానం ముక్కెత్తి పల్టీ కొడుతుంది. టి.ఎ. 183 రెక్కలు సుమారు 40 డిగ్రీలు వెనుకకు వాలి ఉంటాయి. పొట్టి దేహం, పొడవైన నిలువు తోక. దానిని నిలకడగా ఎగిరించుటకు మన పిల్లలు ఎన్ని పర్యాయాలు కూల్చుకొన్నారో వారికే తెలియాలి! కొల్లేటిపై గూడబాతు రెక్కలు చాచి కదపకుండా తేలిపోవుటను బాల్యం నుండి చూచినవారికి ఆ రెక్కల లెక్క ఇప్పుడు తెలిసివచ్చినది.

అయితే ఆ క్రీడలో ఒక మాయ కలదు. ఇంజను అడిగినంతనే వచ్చును. శక్తి చాలకున్న అంకె మార్చి పెంచుకొనవచ్చును. లోకంలో అట్లు జరగదు. ఇందుకు దృష్టాంతం జర్మనీ దాకా పోకుండా బెంగుళూరులోనే ఉన్నది.

టి.ఎ. 183 రూపకల్పనకు పెద్దయైన కుర్ట్ టాంక్ యుద్ధానంతరం అర్జెంటీనాకు వెళ్లి ‘పుల్కి-2’ అనే జెట్‌ను నిర్మించాడు. 1950లో ఎగిరిన ఆ విమానపు పరీక్షలలో ఇద్దరు పైలట్లు ప్రాణాలు కోల్పోయారు. 1956లో ఆయన మన దేశానికి వచ్చి, హిందుస్థాన్ విమాన కర్మాగారంలో భారతీయ ఇంజనీర్లతో కలిసి హెచ్.ఎఫ్. 24 ‘మరుత్’ను రూపొందించాడు. (తెలుగు బోధించువారికి విమానాలతో పనియేమని అడిగేవారికి మా మనవి: ‘మరుత్’ మాట మా శాఖదే, ఉర్దూ శాఖ మిత్రులకు ‘హవాయీ జహాజ్’ ఉండనే ఉన్నది.) ముందుగా అదే పరిమాణంలో కొయ్యతో గ్లైడరు చేసి, 1959లో డకోటా విమానానికి కట్టి లాగించి పరీక్షించారు. 1961 జూన్‌లో సురంజన్ దాస్ చేతిలో మరుత్ ఎగిరినది.

ధ్వనివేగానికి రెండింతలు పోవలెనని ఆశించిన విమానం అది. తలచిన ఆర్ఫియస్-12 ఇంజను బ్రిటన్‌లో పూర్తికావుటకు వలసిన ధనం మన ప్రభుత్వం ఇవ్వలేదు. ఒక్కొక్కటి సుమారు 2,200 కిలోల తోపు మాత్రమే గల ఆర్ఫియస్-703 ఇంజన్లు రెండింటితో సరిపెట్టవలసి వచ్చినది. ఈజిప్టులో తయారవుతున్న ఇంజను కోసం ఒక మరుత్‌ను అక్కడికి సైతం పంపారు, అదీ ఫలించలేదు. శక్తి పెంచిన ఇంజన్లతో పరీక్షించుచుండగా 1970 జనవరిలో విమానం కూలి సురంజన్ దాస్ మరణించారు. 147 మరుత్‌లు తయారైనవి, 1971 యుద్ధంలో సేవ చేసినవి. కాని ఆశించిన వేగం వాటికి అందలేదు. 2001లో ఎగిరిన తేజస్ కూడా అమెరికా ఇంజనుతోనే ఎగిరినది. ఇంజనీరింగు చదువదలచిన మన పిల్లలకు ఈ కథ తెలియకుండా టి.ఎ. 183 మాత్రమే తెలియుట మాకు విచారకరం.

మరొక మాట. ఆ జర్మను విమానాన్ని ‘అద్భుతాయుధం’ అని మురిసిపోయేవారున్నారు. అదే కాలంలో హార్జ్ కొండల సొరంగాలలో రాకెట్లను, జెట్ ఇంజన్లను బందీల చేత, నిర్బంధ కూలీల చేత చేయించారు. డోరా శిబిరంలో వేలాదిమంది మరణించారు. ఆ యుద్ధం మనకు దూరమైనది కాదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై జపాను బాంబులు పడ్డాయి. మన పొరుగున తాడేపల్లిగూడెంలో ఆ కాలపు రన్‌వే ఉన్నది.

కనుక కమిటీవారికి మా విన్నపం ఇది. కంప్యూటరు గదిని శనివారం మధ్యాహ్నం రెండు గంటలపాటు వీరికి తెరవండి. విద్యార్థులు రానున్న ప్రదర్శనలో టి.ఎ. 183 పక్కన మరుత్‌ను నిర్మించి చూపాలి. దాని ఇంజన్లకు 2,200 కిలోలకు మించి ఒక్క కిలో చేర్చరాదు. గోడ పటం మీద ఇద్దరి కథా వ్రాయాలి: గీచినవారిది, సొరంగాలలో పనిచేసినవారిది. పటానికి కావలసిన తెలుగు మేము దిద్దిపెడతాము. ఉర్దూ ప్రతి బాధ్యత ఉర్దూ శాఖవారిది.