గేటు లోపలి లక్ష్మి

కొత్త కారు షోరూమ్ నుంచి నేరుగా గుడికే వెళుతుంది. బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ గుర్తు, ముందు బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు. హారతి అయ్యాక దిష్టి తీసిన బూడిద గుమ్మడికాయను రోడ్డు మీద పగలగొడతారు. వడియాలకు పనికొచ్చే కాయ కాస్తా చెత్తయిపోతుంది. ఇక యజమాని నిమ్మకాయలు తొక్కించి, అద్దం మీద రాలిన కుంకుమను మెత్తటి గుడ్డతో ఒత్తి తుడుచుకుని వెళ్లిపోతాడు. వెనక వచ్చే బైకువాడు ఆ ముక్కల మీద జారి పడితే దిష్టి ఇతనికి వదిలి అతనికి తగిలినట్టే.

మన శుభ్రతకు గేటే హద్దు. ఊడ్చిన ఇంట్లో లక్ష్మి నిలుస్తుందంటారు కానీ, ఆ ఊడ్చిన చెత్తను ఎదురింటి గోడవారగా పోస్తే ఆమె ఏ దారిన వస్తుందో అడగరు.

కారును శుభ్రంగా ఉంచుకోవడానికి దేవతల ప్రమేయం లేని కారణాలున్నాయి. సీటు కింద దొర్లే నీళ్ల సీసా బ్రేకు పెడల్ కిందికి చేరితే బ్రేకు పడదు. ఎయిర్‌బ్యాగ్ మూత మీద గట్టి విగ్రహాన్ని అతికిస్తే, గుద్దుకున్నప్పుడు కనురెప్పపాటులో విచ్చుకునే సంచి దాన్ని మనిషి ముఖం మీదికి విసురుతుంది. రక్షిస్తాడని పెట్టుకున్న దేవుడే గాయం చేస్తాడు.

‘మన పెద్దల ఆచారాల వెనక సైన్సు ఉంది’ అనేవారు వెంటనే కళ్లాపిని చూపిస్తారు. పేడనీళ్లు క్రిములను చంపుతాయట. కానీ ధనుర్వాతం కలిగించే క్రిమి మట్టిలోనూ, పశువుల పేడలోనూ బతుకుతుంది. బొడ్డు కోసిన చోట పేడ పూసే అలవాటు ఎందరో పసికందులకు ఆ జబ్బును అంటించింది. తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని మన దేశం అదుపు చేసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ధ్రువీకరించింది. ఆ పని చేసినవి గర్భిణులకు వేసిన టీకాలు, శుభ్రమైన కాన్పులు. కళ్లాపితో వాకిట్లో దుమ్ము అణుగుతుంది, నిజమే. దానికి ఉత్త నీళ్లు చాలు.

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు. ఇంటాయనను ఏం చూసి అంచనా కట్టాలో మాత్రం ఆ సామెత చెప్పదు. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసేవారిలో ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు చేస్తే, మగవాళ్లు 97 నిమిషాలే చేశారు. శుక్రవారం లక్ష్మి కోసం ఇల్లు కడిగేది ఎవరో వేరే చెప్పాలా?

ఇంటిపని డబ్బిచ్చి చేయించుకునే చోట సంగతి ఇంకా తేటగా బయటపడుతుంది. పనమ్మాయి తోమిన కంచంలో ఇంటిల్లిపాదీ తింటారు. ఆమెకు కాఫీ మాత్రం విడిగా ఉంచిన గ్లాసులో పోస్తారు. ఆమె చెయ్యి మురికిదైతే ఆ కంచమూ మురికిదే. కంచం శుభ్రమైతే చెయ్యీ శుభ్రమే. ఆ గ్లాసుకు సబ్బుతో గానీ, క్రిములతో గానీ సంబంధం లేదు. అది మైల లెక్క, అంటే కులం లెక్క.

ఆ లెక్కే మనిషిని మురుగు కాలువలోకి దింపుతోంది. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరో చట్టం వచ్చాయి. బెజవాడ విల్సన్ నాయకుడుగా ఉన్న సఫాయి కర్మచారి ఆందోళన్ సంస్థ కోర్టుకెక్కి పోరాడితే, మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో తీర్పు చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలకు పెంచింది. యంత్రంతో చేయగల పనికి నేటికీ మనుషుల్ని దించుతున్నాం గనకే ఆ పరిహారం ఇంకా ఇవ్వవలసి వస్తోంది.

శుభ్రతను బట్టి మనిషిని అంచనా వేయాలనుకుంటే హాల్లో సోఫా చూసి లాభం లేదు. బాత్రూము ఎవరు కడుగుతున్నారు, పగిలిన గాజుముక్కను కాగితంలో చుట్టి విడిగా ఇస్తున్నారా, తడిచెత్తలోనే పడేస్తున్నారా అని అడగాలి. ఆ గాజుముక్క కోసేది చెత్తబండి వెంట వచ్చే మనిషి వేలిని. ఆ వేలు మనకు గుర్తుకొచ్చిన రోజు వేరే గ్లాసుతోనూ పని ఉండదు.