మొదటి రైఫిల్ ఎవరికి చవక? (వాడ మాటలు – 17వ భాగం)



పోయిన వారం భాగం కింద చర్చ ఇంకా నడుస్తుండగానే టెక్సాస్ నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. ఇక్కడున్నప్పుడు మన సంఘంలో జెండాలు కట్టినోడు. అర్ధరాత్రి దాకా నాతో కలిసి పోస్టర్లు అంటించినోడు. ఎం.ఎస్. చదవడానికి పోయి ఏడాదిన్నర అయింది.

"అన్నా, ఒక సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కొందామనుకుంటున్నా. మొదటిది. ఏఆర్-15 ఐదారొందల డాలర్లకే వస్తుందంట. చవకలో ఏది మంచిది?"

కింద ఇంకో ముక్క రాశాడు. "మనువు మన చేతికి ఆయుధం ఇవ్వలేదు కదన్నా. ఈ దేశం ఇస్తానంటుంది. ఎందుకు వద్దనుకోవాలి?"

ఈ రెండో ముక్క లేకపోతే "వద్దురా" అని ఒక్క మాట కొట్టి పడుకునేవాణ్ణి. ఆ ముక్క నన్ను పడుకోనివ్వలేదు. వాణ్ణి అడిగే ఇక్కడ రాస్తున్నా. ఎందుకంటే వాడొక్కడే కాదు. ఫైరింగ్ రేంజికి పోయి, అద్దె తుపాకీ భుజాన పెట్టుకుని స్టేటస్ పెట్టే మన పిల్లలు ఎంతమంది లేరు?

ముందే ఒక మాట చెప్పేస్తా. ఈ ప్రశ్న వినగానే అహింస పాఠం ఎత్తుకునే పెద్దమనుషులు ఈ పోస్టు కింద కామెంట్ పెట్టొద్దు. దసరాకి ఆయుధ పూజ చేసి, హాల్లో తాత గారి డబుల్ బ్యారెల్ తుపాకీని గోడకి వేలాడదీసి, మనకి మాత్రం గాంధీని చదవమనే వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది మనకేం లేదు. ఆయుధం పాపమైతే అందరికీ పాపమే కావాలి. మన చేతిలో ఉంటేనే పాపమెట్లా అవుతుంది?

తమ్ముడు అడిగినదాంట్లో నిజం ఉంది. బాబాసాహెబ్ 1936లో కుల నిర్మూలన రాసినప్పుడు ఈ మాట సూటిగా చెప్పాడు. ఇంత అన్యాయాన్ని ఇన్ని వందల ఏళ్ళు కింది కులాలు ఎందుకు భరించాయంటే, తిరగబడడానికి చేతిలో ఆయుధం లేకుండా చేశారు కాబట్టి. చదువు, ఆయుధం, ఆస్తి, మూడూ ఒక్క శాసనంతోనే లాక్కున్నారు. ఆ మాట రాసినాయన ఒక సుబేదారు కొడుకు. ఒకప్పుడు మహార్లను సైన్యంలో చేర్చుకుని, అవసరం తీరాక 1890ల మొదట్లో వాళ్ళ భర్తీ ఆపేసిన బ్రిటిష్ వాళ్ళ సంగతి ఆయన ఇంట్లోనే తెలుసు. తుపాకీ ఇచ్చేదీ వాళ్ళే, గుంజుకునేదీ వాళ్ళే.

మా తాత ఊరికి కాపలా ఉండేవాడు. చేతికి కర్ర ఇచ్చారు. ఆ కర్ర దొంగ మీదకి ఎత్తొచ్చు, పందుల మీదకి ఎత్తొచ్చు. ఆసామి మీదకి మాత్రం ఎత్తకూడదు. మన చేతికి ఆయుధం వచ్చిన ప్రతిసారీ ఈ షరతు దానికి కట్టే వచ్చింది.

1985 జూలై 17న కారంచేడులో గొడ్డళ్ళు, బరిసెలు చాలాయి వాళ్ళకి, ఆరుగుర్ని చంపడానికి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది. ఊళ్ళో పోలీసులు ఉండగానే పొలాల్లోకి తరిమి నరికారు. 1997 డిసెంబర్ 1 రాత్రి బీహార్‌లోని లక్ష్మణ్‌పూర్ బాథేలో రణవీర్ సేన తుపాకులతో వచ్చింది. 58 మందిని చంపింది. 2013లో పాట్నా హైకోర్టు నిందితులందర్నీ వదిలేసింది. 2014లో మన హైకోర్టు చుండూరు నిందితుల్ని వదిలేసింది. ఈ లెక్కలు తెలిసినోడు "ఒక రైఫిల్ ఉంటే బాగుండు" అనుకుంటే నేను నవ్వను.

అయితే తమ్ముడా, నీ ప్రశ్నలో ఒక అబద్ధం కూడా ఉంది. "ఈ దేశం ఇస్తానంటుంది" అన్నావు చూడు, అదీ అబద్ధం. ఎవరికి ఇస్తానంది?

1857లో డ్రెడ్ స్కాట్ తీర్పు రాసిన జడ్జి, నల్లవాళ్ళని పౌరులుగా ఒప్పుకుంటే వచ్చే ప్రమాదాల జాబితాలో ఆయుధాలు పట్టుకు తిరిగే హక్కును కూడా చేర్చాడు. బానిసత్వం పోయిన 1865లోనే మిసిసిపీ చట్టం చేసింది, విడుదలైన నల్లవాడు లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోకూడదని. మనకి కర్రకి షరతు పెట్టినట్టు వాళ్ళకి తుపాకీకి షరతు. 1892లో మెంఫిస్‌లో తన స్నేహితుల్ని మూక చంపేశాక ఐడా బి. వెల్స్ అనే జర్నలిస్టు, ప్రతి నల్లవాళ్ళ ఇంట్లో ఒక వించెస్టర్ రైఫిల్‌కి గౌరవంగా చోటు ఉండాలని రాసింది. చట్టం ఇవ్వని రక్షణ ఎవరికి వాళ్ళే చూసుకోవాలని ఆమె వాదన. ఆమెతో నాకు పేచీ లేదు.

1956లో మాంట్‌గోమరీలో మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు వేశారు. ఆయన తుపాకీ దగ్గర ఉంచుకోవడానికి పర్మిట్ కోసం దరఖాస్తు పెట్టాడు. ఇవ్వలేదు. అహింస అంటే ప్రపంచమంతా తలుచుకునే మనిషికి ఆ దేశం ఇచ్చిన జవాబు అది. 1967 మేలో బ్లాక్ పాంథర్లు తుపాకులు పట్టుకుని కాలిఫోర్నియా శాసనసభకి పోయారు. అప్పటికి అది చట్టబద్ధమే. ఆ ఏడే, నిండిన తుపాకీ బహిరంగంగా పట్టుకు తిరగడాన్ని నిషేధిస్తూ చట్టం చేశారు. సంతకం పెట్టిన గవర్నర్ రోనాల్డ్ రేగన్. తుపాకీ హక్కు నాయకుడిగా తర్వాత వాళ్ళు నెత్తిన పెట్టుకున్న మనిషే! 2016లో మినెసోటాలో ఫిలాండో కాస్టీల్ అనే నల్లజాతి యువకుడు కారు ఆపిన పోలీసుకి మర్యాదగా చెప్పాడు, నా దగ్గర లైసెన్సున్న తుపాకీ ఉందని. పోలీసు కాల్చి చంపాడు. కోర్టు ఆ పోలీసుని వదిలేసింది.

చూశావా? కాగితం మీద హక్కు అందరిదీ. చేతిలోకి వచ్చేసరికి రంగు అడుగుతుంది. మనకి బావి దగ్గరా, గుడి దగ్గరా తెలిసిన సంగతే ఇది.

ఇక నువ్వడిగిన అసలు ప్రశ్నకి వస్తా. చవకలో మొదటిది ఏది?

నేర్చుకునేవాళ్ళకి అక్కడ ముందు చెప్పేది చిన్న తూటా రైఫిల్. పాయింట్ టూటూ. రూగర్ 10/22 అనేది 1964 నుంచి వస్తోంది. కొత్తది మూడు నాలుగొందల డాలర్లలో దొరుకుతుంది, తూటా సెంట్లలో వస్తుంది, భుజం అదరదు. కాల్చడం నేర్చుకోవడానికి అది చాలు. కానీ నువ్వు అడుగుతోంది అది కాదు. నీ మనసు ఏఆర్-15 మీద ఉంది. ఏఆర్ అంటే అసాల్ట్ రైఫిల్ అనుకుంటారు చాలామంది. కాదు, ఆర్మలైట్ అనే కంపెనీ పేరు నుంచి వచ్చింది. యూజీన్ స్టోనర్ 1950ల్లో చేసిన నమూనా. వియత్నాం ప్రజల మీద వాడిన ఎం-16 దాని అన్నే. మార్కెట్లో అమ్మేది ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక తూటా, మళ్ళీ నొక్కితే ఇంకోటి. తర్వాతి తూటాని తుపాకీయే నింపుకుంటుంది. సెమీ ఆటోమేటిక్ అంటే ఇంతే.

ఐదారొందలన్నావు. అది ఒట్టి తుపాకీ ధర. తూటాలు ఒక్కోటి అర డాలరు అటూ ఇటూ. చేయి తిరగాలంటే వెయ్యి తూటాలన్నా కాల్చాలి, అంటే ఐదొందలు. తాళం వేసే ఇనప పెట్టె, నేర్పేవాడి ఫీజు, రేంజి ఫీజు, అదనపు మ్యాగజైన్లు. అన్నీ కలిపితే పదిహేను వందల దగ్గర తేలుతుంది. మన డబ్బుల్లో లక్ష దాటుతుంది. ఇవేవీ లేకుండా ఒట్టి తుపాకీ కొనేవాడు రక్షణ కొనలేదు, ఇంట్లోకి ప్రమాదం కొనుక్కున్నాడు.

ఇప్పుడు నీ బతుకులో పెట్టి చూడు. నీ భయం ఎక్కడుంది? గ్యాస్ స్టేషన్ కౌంటర్ దగ్గర, రాత్రి రెండింటికి. దోచుకునేవాడు జేబులోంచి పిస్టల్ తీస్తాడు. నీ రైఫిల్ ఎక్కడుంటుంది? అపార్టుమెంటులో మంచం కింద. ఓనర్ నిన్ను రైఫిల్ పెట్టుకుని కౌంటర్లో నిలబడనిస్తాడా? ప్రమాదం ఒకచోట, తుపాకీ ఇంకోచోట.

మంచం కింద ఉన్న తుపాకీ సంగతి కూడా ఆలోచించు. రెండు బెడ్‌రూముల్లో ఐదారుగురు ఉంటున్నారు. గదికీ గదికీ మధ్య గోడ సన్నటి జిప్సం పలక. రైఫిల్ తూటాకి అది అడ్డం కాదు. తప్పిపోయిన తూటా పక్క గదిలో నిద్రపోతున్నోడి దగ్గరికి పోతుంది. 2021లో అమెరికాలో తుపాకీతో చనిపోయినవాళ్ళు 48,830 మంది. అందులో 26,328 మంది తమని తామే కాల్చుకున్నారు. సగానికి పైన! అప్పు, ఉద్యోగం రాని దిగులు, పండగ రోజు ఫోన్లో అమ్మ గొంతు వినీ మాట్లాడలేకపోవడం, ఇవన్నీ ఆ గదుల్లో ఉన్నాయి. అక్కడికి తుపాకీ కూడా చేరిస్తే ఏమవుతుంది? కులం వల్ల మన పిల్లలు యూనివర్సిటీ గదుల్లో ప్రాణాలు తీసుకోవడం చూసినవాళ్ళం. ఇంకో దారి మనమే తెరవొద్దు.

అన్నింటికన్నా పెద్దది ఇప్పుడు చెప్తా. నీది ఎఫ్-1 వీసా. ఆ దేశపు ఫెడరల్ చట్టం ప్రకారం, విద్యార్థి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ ఉంచుకోకూడదు. కొన్ని మినహాయింపులున్నాయి. అందులో మనవాళ్ళు వాడుకునేది వేట లైసెన్సు. "యాభై డాలర్లు కట్టి లైసెన్సు తీసుకో, అంతా లీగలే" అని నీకు చెప్పినోడు సగమే చెప్పాడు. వీసా షరతు ఒక్కటి తప్పినా నిన్ను చట్టవిరుద్ధంగా ఉన్నవాడి కింద లెక్కేస్తారు. అప్పుడు ఏ వేట లైసెన్సూ కాపాడదు. గరిష్ఠ శిక్ష 2022 నుంచి 15 ఏళ్ళు. ఫ్లోరిడాలో చదువు తప్పి స్టేటస్ పోయిన ఒక విదేశీ విద్యార్థి రేంజికి పోయి కాల్చినందుకే కేసులో ఇరుక్కుని సుప్రీంకోర్టు దాకా పోయాడు. 2019లో ఆ తీర్పు వచ్చింది.

క్యాంపస్ బయట, కాగితం లేకుండా రాత్రి డ్యూటీ చేయడమే నీ వీసా షరతు తప్పడం. అంటే ఏ పని వల్ల నీకు తుపాకీ కావాలనిపిస్తోందో ఆ పనే నీ తుపాకీని నేరం చేస్తుంది. ఇంత అందంగా వల పన్నడం మన ఊరి ఆసాములకి కూడా చేతకాలేదు.

అయితే మరి చేతులు ముడుచుకుని కూర్చోమంటావా అని అడుగుతావు. కాదు.

1964లో లూసియానాలోని జోన్స్‌బరోలో నల్లజాతి కార్మికులు, చాలామంది మాజీ సైనికులు, డీకన్స్ ఫర్ డిఫెన్స్ అనే సంఘం పెట్టుకున్నారు. పౌరహక్కుల కార్యకర్తలకి రాత్రిళ్ళు తుపాకులతో కాపలా కాశారు. క్లాన్ మూకలు వెనక్కి తగ్గాయి. కానీ గమనించు, అక్కడ పనిచేసింది ఒక్క తుపాకీ కాదు. ఒకరి కోసం ఒకరు మేల్కొని ఉండడం. ఎవరు ఏ రాత్రి, ఏ వీధిలో ఉంటారో తెలిసిన సంఘం. అది లేకుండా నువ్వు కొనేది షాపులో సరుకు. కంపెనీకి లాభం, నీకు రసీదు.

మన దగ్గర కూడా అంతే. కారంచేడు తర్వాత జనం చీరాలలో శిబిరం వేసుకుని కూర్చున్నారు. దళిత మహాసభ పుట్టింది. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం రావడం వెనక ఆ కదలిక కూడా ఉంది. 1995లో ఆ చట్టానికి నియమాలు వచ్చాయి. మూడో నియమం ఎంతమంది చదివారు? దాడులు జరిగే ప్రాంతాల్లో అవసరమైతే ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ళ ఆయుధ లైసెన్సులు రద్దు చేయాలి. అక్రమ ఆయుధాలు స్వాధీనం చేసుకోవాలి. అవసరమైతే ఎస్సీ, ఎస్టీలకి ఆయుధ లైసెన్సులు ఇవ్వాలి. ఇది నేను రాసింది కాదు, కేంద్ర ప్రభుత్వ నియమం. మీ జిల్లాలో ఎన్ని లైసెన్సులు ఎవరి దగ్గరున్నాయి, దాడుల తర్వాత ఎన్ని రద్దయ్యాయి? సమాచార హక్కు కింద ఈ వారమే అడగండి. జిల్లా విజిలెన్స్ కమిటీ మీటింగులో లేవనెత్తండి. ఆయుధం గురించి మాట్లాడాలంటే ఇక్కడ మొదలుపెడదాం. ఆసామి గోడ మీది తుపాకీ ఎందుకు ఇంకా అక్కడే వేలాడుతోందో అడుగుదాం.

ఇదంతా రాత్రి తమ్ముడికి వాయిస్ మెసేజుల్లో చెప్పాను. చాలాసేపటికి జవాబొచ్చింది. "సరే అన్నా, కొనను. మరి రేపు రాత్రి డ్యూటీ?"

నా నోట మాట రాలేదు. ఇంత చరిత్ర చెప్పినోణ్ణి, ఆ ఒక్కదానికి సమాధానం లేక కూర్చున్నా.

తర్వాత లెక్కేశాను. రైఫిల్‌కి వాడు పెట్టబోయిన పదిహేను వందల డాలర్లు, పంచుకునే గదిలో వాడి వాటా అద్దెకి రెండు మూడు నెలలు వస్తాయి. ఆ డబ్బుతో రాత్రి డ్యూటీ మానేసి క్యాంపస్‌లో పని దొరికేదాకా నిలబడొచ్చు. ఆ లోపు తగ్గినంత మనం వేద్దాం. అక్కడున్న అంబేద్కరైట్ మిత్రులు ఇద్దరు ఇప్పటికే ఫోన్ చేశారు. ఇలాంటి తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఏ ఊళ్ళో ఉన్నా నాకు రాయండి. పేర్లు బయట పెట్టను.

మనవాడు రేపు రాత్రి ఆ కౌంటర్ దగ్గర ఒంటరిగా నిలబడకూడదు. ముందు ఆ పని చూద్దాం.

జై భీమ్.