పాత ఆటపెట్టె కొనేముందు

"కొత్తొక వింత, పాతొక రోత" అన్న సామెతకి రోజులు చెల్లిపోయాయి. ఇప్పుడు పాతే వింత. తాతగారి గ్రామఫోను, అమ్మమ్మగారి ఇత్తడి మరచెంబు అటక దిగి హాల్లో అద్దాల బీరువా ఎక్కుతున్నాయి. ఆ వరసలోకి ఈమధ్య వచ్చి చేరింది, ఒకప్పుడు పిల్లల చదువులు పాడుచేస్తుందని పెద్దలు దాచిపెట్టిన వీడియో గేము పెట్టె. ఆనాడు దాచిన తల్లి ఈనాడు నాయనమ్మ అయింది. ఆనాడు ఏడ్చిన కుర్రవాడు జీతం తెచ్చుకుంటూ అదే పెట్టె కోసం వెతుక్కుంటున్నాడు. కాలమహిమ!

ఇల్లెందు నుంచి ఒక చదువరి ఉత్తరం రాశారు. వారబ్బాయి డిగ్రీ చదువుతున్నాడట. "పాత ప్లేస్టేషన్ టూ అమ్మకానికి వచ్చింది నాన్నా, మోడ్ చేసింది, వందల ఆటలు లోపలే ఉన్నాయి, కొందాం" అని వారం రోజులుగా వెంటపడుతున్నాడట. "మోడ్ చేయడమంటే ఏమిటి? కొంటే నష్టమా? తప్పా? మీరు తెలుగు మేష్టారే అయినా కుర్రవాళ్ల మధ్య మసలేవారు గదా, చెప్పండి" అని ఆయన ప్రశ్న. తెలుగు మేష్టారికీ ఆటపెట్టెకీ సంబంధం ఏమిటంటారా? ఉందని చట్టమే అంటోంది. ఆ ముచ్చట కాస్త ఆగి చెప్తాను.

ముందు ఈ పెట్టెల వంశావళి. 1983 జులైలో జపానులో నింటెండో కంపెనీవారు ఫ్యామికామ్ అనే ఆటపెట్టెను విడుదల చేశారు. దాన్నే మన దేశంలో సమురాయ్ అనే పేరుతో అమ్మారు గాని, కొనగలిగిన ఇళ్లు తక్కువ. 1990ల్లో మన మధ్యతరగతి ఇళ్లలో దిగినవి చాలావరకు దాని నకళ్లు. మనం వాటిని టీవీ గేము అన్నాం. అరచేయంత ప్లాస్టిక్కు డబ్బాని క్యాసెట్టు అన్నాం. ఆ క్యాసెట్టు మీద "9999 ఆటలు" అని గొప్పగా అచ్చేసి ఉండేది. తీరా పెట్టి చూస్తే ఉన్నవి పదో పాతికో. అవే పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వరసలో నిలబడేవి. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అని మురిసిపోయిన తండ్రికి తెలిసేదేమంటే, ఆ గుమ్మడికాయ కూడా వంకాయ నీడేనని.

ఆ తర్వాతి తరం ప్లేస్టేషన్ టూ. సోనీ కంపెనీ దాన్ని 2000 మార్చిలో జపానులో విడుదల చేసింది. 2013 దాకా తయారు చేస్తూనే ఉంది. ప్రపంచం మొత్తం మీద 15 కోట్లకు పైగా అమ్ముడుపోయిందంటే దాని ఊపు ఊహించుకోండి. ఇంటికి కొనలేని పిల్లలు గంటకింత అని ఇచ్చి వీధి చివర గేము దుకాణంలో ఆడుకునేవారు. ఇప్పుడు బేరానికి వస్తున్నవి ఎక్కువగా ఆనాటి పెట్టెలే. అంటే వయసు పైబడిన యంత్రాలు. వయసు పైబడ్డాక వైద్యం తప్పదు గదా! ఆ వైద్యంలో ఒక రకానికే మోడ్ చేయడం అని పేరు.

మార్పుల్లో మూడు జాతులున్నాయి. ఈ మూడూ కలగలిపి అమ్మడంలోనే ఉంది వ్యాపారుల నేర్పు.

మొదటిది అచ్చమైన మరమ్మతు. డిస్కు చదివే లెన్సు అరిగిపోతుంది, కొత్తది వేస్తారు. పాత క్యాసెట్లలో ఆట ఎంతవరకు వచ్చిందో గుర్తుంచుకోవడానికి బొత్తామంత బ్యాటరీ ఉంటుంది. అది చచ్చిపోతే కష్టపడి గెలిచిన మెట్లన్నీ గాలికి పోతాయి. పాతది ఊడదీసి కొత్తది అతికిస్తారు. కొత్త టీవీలకి అతికేలా బొమ్మ వచ్చే తోవ మారుస్తారు. ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. చెద పట్టిన తాళపత్రాన్ని కొత్త ఆకు మీదికి ఎత్తి రాసుకున్నవాళ్లు లేకపోతే నా బోటి మేష్టర్లకి చెప్పడానికి పాఠమే ఉండేది కాదు.

రెండోది తాళం తీయడం. మొదటి ప్లేస్టేషన్ సంగతి చూడండి. అసలు డిస్కు గాడిని కావాలనే సన్నగా వణికేలా చేసి, ఆ వణుకులో నాలుగక్షరాల గుర్తు దాచారు. మామూలు కంప్యూటరు మీద ప్రతి తీస్తే ఆటంతా వస్తుంది గాని ఆ వణుకు రాదు. గుర్తు కనబడకపోతే పెట్టె ఆడదు. భద్రాచలంలో ముక్కోటినాడు ఉత్తర ద్వారం దగ్గర టిక్కెట్టు చూసి లోపలికి పంపే మనిషిని తలుచుకోండి. మోడ్ చిప్పు అంటే ఆయన పక్కన నిలబడి, వచ్చినవాడల్లా "టిక్కెట్టున్నవాడే, పంపండి" అని చెవిలో ఊదే ఆసామి. ప్లేస్టేషన్ టూ కాలానికి పని ఇంకా సులువైంది. చాలా నమూనాల్లో చిప్పు అతికించే పని కూడా లేకుండా, ముందే సిద్ధం చేసిన మెమరీ కార్డు దోపితే చాలు.

తాళం తీసినవాడల్లా దొంగ కాడు. ఈ గుర్తులు దేశభాగాల్ని బట్టి వేరువేరుగా ఉంటాయి. అమెరికాలో ఉన్న మేనమామ డబ్బు పెట్టి కొని పంపిన డిస్కు ఇక్కడి పెట్టెలో ఆడదు. ఆ డిస్కు ఆడించుకోవడానికి తాళం తీయించడం వేరు, నలభై రూపాయల దొంగ డిస్కు కోసం తీయించడం వేరు.

మూడో జాతి అసలు పాతదే కాదు. ఆకారం పాతది, లోపల చిన్న కొత్త కంప్యూటరు, దానిలో వేల ఆటల ప్రతులు. "పాత పెట్టెకి కొత్త హంగులు" అంటూ అమ్ముతారు. నిజానికి అది కొత్త పెట్టెకి పాత తొడుగు. తెలిసి కొంటే సరే. తెలియక పాతదాని ధర పోస్తేనే నష్టం.

ఇక చట్టం. 1957 నాటి మన కాపీరైటు చట్టంలో సాహిత్య కృతి అంటే ఏమిటో చెప్పే చోట, 1984 సవరణతో కంప్యూటరు ప్రోగ్రాములు కూడా చేరాయి. అంటే మా తరగతి గదిలో చెప్పే నవలా, మీవాడు ఆడే ఆట వెనకున్న ప్రోగ్రామూ చట్టం ముందు ఒకే పంక్తిలో కూర్చున్నాయన్నమాట! మా పాఠ్యప్రణాళిక వారు ఇంకా ఒప్పుకోలేదు గాని, బంధుత్వం మాత్రం కుదిరింది. న్యాయంగా ప్రతి కొన్నవాడు, అది పాడైపోతుందేమోనన్న భయంతో జాగ్రత్త కోసం ఇంకో ప్రతి తీసి ఉంచుకోవడాన్ని ఇదే చట్టం 52వ సెక్షనులో ఒప్పుకుంది. 2012లో వచ్చిన 65ఏ సెక్షను మాత్రం, ఇతరుల హక్కులకు భంగం కలిగించాలన్న ఉద్దేశంతో తాళం తీసినవాడికి రెండేళ్ల దాకా జైలు, జరిమానా అంటుంది. ఉద్దేశం అన్న మాట దగ్గర ఆగండి. కథంతా అక్కడే ఉంది. దొంగ ప్రతి అని తెలిసీ వాడుకోవడం కూడా 63బి సెక్షను కింద నేరమే. వ్యాపారానికి కాకపోతే కోర్టువారు జైలు లేకుండా జరిమానాతో సరిపెట్టవచ్చు. అంతమాత్రాన ఒప్పు అయిపోదు.

ఇది మన దేశపు తలనొప్పి మాత్రమే కాదు. సిడ్నీలో ఇలాంటి చిప్పులు అమ్మి అమర్చిన స్టీవెన్స్ అనే ఆయన మీద సోనీవారు దావా వేస్తే, ఆస్ట్రేలియా హైకోర్టు 2005లో ఆయన పక్షానే తీర్పు చెప్పింది. అక్కడ హైకోర్టంటే మన సుప్రీంకోర్టు వంటిది. పెట్టెలోని తాళం దొంగ ప్రతి ఆడకుండా ఆపుతుందే గాని, ప్రతి తయారు కాకుండా ఆపదు గదా అన్నది వాదం. ఆ తర్వాత అక్కడ చట్టాన్నే మార్చుకున్నారు.

"ఎక్కడో జపాను కంపెనీ, దానికి నాలుగు రూపాయలు తగ్గితే మనకేం?" అనేవారు లేకపోలేదు. వారికి ఒక్క సంగతి మనవి చేస్తాను. 2009లో హనుమాన్ బాయ్ వారియర్ అనే ఆట ప్లేస్టేషన్ టూ కోసం వచ్చింది. తయారుచేసింది హైదరాబాదులోని ఆరోనా టెక్నాలజీస్ వారు. పూర్తిగా మన దేశంలో తయారైన తొలి కన్సోలు ఆటల్లో అదొకటి. రామయ్య వెలసిన మన భద్రాద్రి పిల్లలకి హనుమంతుణ్ణి ఆడించే ఆట మన తెలుగు నేల మీదే పుట్టిందన్నమాట. ఇప్పుడు చెప్పండి: "వందల ఆటలు ఉచితం" అన్న మూటలో అదీ ఉంటే, ఆ బొమ్మలు గీసిన కుర్రవాడికీ, ఆ ప్రోగ్రాము రాసిన అమ్మాయికీ ఏం ముట్టింది? మా కాలేజీలో చదివి హైదరాబాదు వెళ్లి ఇదే పనిలో కుదురుకోవాలని కలలు కంటున్న పిల్లలు ప్రతి ఏడూ కనబడుతూనే ఉన్నారు. వారి భోజనం మన ఇంటి నుంచే మొదలు కావాలి.

చట్టం అటుంచి, కొనేవాడు చూసుకోవలసినవి చెప్తాను.

అన్నిటికన్నా ముందు కరెంటు. పెట్టె వెనక చీటీ చదవండి. జపానులో ఇళ్లకొచ్చే కరెంటు 100 వోల్టులు, అమెరికాలో 120, మనకి 230. మాతోటి మేష్టారొకరి అబ్బాయి నగరంలో ఒక దుకాణంలో జపాను పెట్టె కొన్నాడు. అమ్మినవాడు ఆ మాట చెప్పలేదు. ఇంటికి తెచ్చి గోడకి పెట్టగానే టప్పుమని శబ్దం, కాలిన వాసన, ఆట సమాప్తం. తిరిగి వెళ్తే "మేము ఇచ్చినప్పుడు బాగానే ఉంది" అన్నాడట. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, ఒడ్డెక్కాక బోడి మల్లయ్య! అలాంటి పెట్టెకి వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు వేరే కొనాలి. ఆ ఖర్చు బేరంలోనే లెక్కేసుకోండి.

రెండోది, దుకాణంలోనే అరగంట ఆడించండి. ప్లేస్టేషన్ టూ డిస్కుల్లో వెండిరంగువీ, అడుగు నీలంగా ఉండేవీ రెండు రకాలున్నాయి. లెన్సు రెండూ చదవాలి. ఆటని మెమరీ కార్డులో దాచి, పెట్టె ఆపి, మళ్లీ పెట్టి, దాచినది ఉందో లేదో చూడండి. పెన్‌డ్రైవు మీద ఆట నడిపిస్తుంటే మధ్యలో వచ్చే సినిమా దృశ్యాలు నత్తి కొట్టవచ్చు. ఆ పెట్టెకున్న యూఎస్‌బీ దారి పాతకాలపుది, నిదానం. పెట్టె చెడిపోయిందని కంగారుపడకండి, చెడలేదు గదా అని ఎక్కువ ధరా ఇవ్వకండి.

మూడోది, మీ ఇంటి టీవీ. పసుపు, ఎరుపు, తెలుపు తీగలకి దానిలో చోటుందో లేదో చూసుకోండి. తుపాకితో బాతుల్ని కొట్టే పాత ఆట మీద మోజుంటే మాత్రం ఆశ వదులుకోండి. ఆ తుపాకి వెనకటి బుర్ర టీవీ తెర మీద వెలుగు మెరిసే క్షణాన్ని కనిపెట్టి పనిచేస్తుంది. పల్చటి టీవీల్లో బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది కాబట్టి గురి చూసినా బాతు చావదు.

నాలుగోది మన ప్రాంతపు జాగ్రత్త. అడవి అంచున, గోదావరి ఒడ్డున ఉన్న ఇళ్లలో చెమ్మ ఎక్కువ. వెచ్చగా ఉండే పెట్టెలో బొద్దింకలు కాపురం పెడతాయి. ఆడనప్పుడు తీగలు తీసి, పొడిగా ఉన్న ఎత్తయిన అరలో పెట్టుకోండి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకెక్కినప్పుడు, కింది అరల్లో ఏముంచకూడదో నది ఒడ్డున ఉన్నవారందరికీ తెలిసింది.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎవరు మార్చారు అన్నది. ఖమ్మంలో నాకు తెలిసిన ఒక టీవీ మెకానిక్కు ఉన్నాడు. బుర్ర టీవీలు పోయాక చేతినిండా పని లేక కూర్చున్న మనిషి. ఇప్పుడు కుర్రవాళ్లు ఈ పెట్టెలు పట్టుకుని వెతుక్కుంటూ వస్తున్నారు. పని అయ్యాక మూత తీసి, ఏది తీశాడో ఏది వేశాడో చూపించి, తీసిన ముక్కని కాగితంలో చుట్టి చేతికిస్తాడు. అటువంటి చేతికి నాలుగు రూపాయలు ఎక్కువిచ్చినా నష్టం లేదు. ఏం మార్చారో చెప్పడానికి తడబడే అమ్మకందారు దగ్గర చవకగా వచ్చినా లాభం లేదు.

ఇలా చెప్పానని ఈ పెట్టెలంటే నాకు కోపమనుకునేరు. సెల్‌ఫోను ఆటలతో పోలిస్తే ఇవి మర్యాదస్తులు. పది నిమిషాలకోసారి చేయి చాపి డబ్బడగవు. డబ్బు పందెం పెట్టి ఆడే ఆన్‌లైను ఆటలతో కొంపలు గుల్లవుతున్నాయని తెలంగాణలో 2017లోనే నిషేధం తెచ్చారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. ఈ ముసలి పెట్టెకి ఆ రోగం లేదు. సిగ్నలు అందని పల్లెలో కూడా ఆడుతుంది. ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఆడుకోవచ్చు, అన్నదమ్ములు కొట్టుకుని మళ్లీ కలవవచ్చు.

అంచేత ఇల్లెందు చదువరిగారికి నా సలహా ఇది. కొనండి. కాని మీవాడి చేత మూడు పనులు చేయించండి. లోపల ఏమేం మార్చారో అమ్మేవాడి చేత చీటీ రాయించుకు రమ్మనండి. ఆ చీటీ తెలిసిన మెకానిక్కుకి చూపించమనండి. వందల ఆటల మూట చెరిపించి, తనకి నచ్చిన ఒక్క ఆట అసలు డిస్కుని తన డబ్బుతో వెతికి కొనుక్కోమనండి. ఆ మూడూ చేసేసరికి వాడికి బేరమూ, యంత్రమూ, న్యాయమూ కాస్త కాస్త బోధపడతాయి. ఏ డిస్కు కొన్నాడో మళ్లీ ఉత్తరం రాయండి. హనుమంతుడి ఆటే దొరికితే, సెలవుల్లో నేనూ ఒకసారి ఇల్లెందు వస్తాను.