ధైర్యం ఇంట్లోనే మొదలు

పిల్లల విశ్వాసాన్ని సండే స్కూలుకు అప్పగించి ఊరుకోవడం పెద్ద పొరపాటు. తిమోతికి అది అవ్వ లోయి, తల్లి యునీకేల నుంచి అందిందని పౌలు పత్రికే చెబుతోంది. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్‌గా 1912లో దోర్నకల్ బాధ్యత తీసుకున్న అజరయ్య, బాప్తిస్మం పొందిన ప్రతి ఒక్కరూ సాక్షిగా బతకాలని పట్టుబట్టారు. కులం పేరిట అణచివేతకు గురైన మాల, మాదిగ కుటుంబాలే ఆ సాక్ష్యాన్ని పల్లెల్లో నిలబెట్టాయి. అంత ధైర్యం పాఠ్యపుస్తకంలో దొరికేది కాదు.

పెద్దయ్యాక పిల్లలే ఎంచుకుంటారు, ఇప్పుడే రుద్దడమెందుకని కొందరంటారు. రుద్దడం తప్పే, భయపెట్టి చేయించిన ప్రార్థన నిలవదు. కానీ కళ్లతో చూడనిదాన్ని పిల్లలు ఎలా ఎంచుకుంటారు? నాన్న లంచం వద్దనడం, అమ్మ పొరుగింటివారిని క్షమించడం వాళ్లు చూడాలి. వాళ్ల సందేహాలను కసురుకోకుండా వినాలి.